డాక్టర్ రాసే మందుల లెక్క కంపెనీ రెప్‌కి ఎలా తెలుస్తుంది? దాన్ని ఆపొచ్చా?

హన్మకొండలో కొత్తగా క్లినిక్ పెట్టారు, ఓ రెప్ (మందుల కంపెనీ ప్రతినిధి, ఎంఆర్ అన్నా వాడే) వచ్చి "సార్, ఈ నెల మా యాంటీబయాటిక్ తగ్గించి పక్క కంపెనీది రాస్తున్నారు" అన్నాడు, వాడికెలా తెలిసింది, అమెరికా సుప్రీంకోర్టే ఇది తప్పు కాదందట కదా, మన దగ్గర ఆపే దారి ఉందా అని కదా డాక్టర్ గారూ మీ ప్రశ్న. నేను వరంగల్, జనగామ, నర్సంపేట వైపు చాలా ఏళ్లు ఎంఆర్‌గా తిరిగి, ఇప్పుడు మెడికల్ షాపు పెట్టుకున్నవాణ్ణి. కౌంటర్‌కి రెండు పక్కలా నిలబడ్డాను కాబట్టి చెప్తున్నా.

దీన్ని ఫీల్డులో ఆర్‌సీపీఏ అంటారు, రిటైల్ కెమిస్ట్ ప్రిస్క్రిప్షన్ ఆడిట్. పేరు పెద్దదే గానీ జరిగేది ఇంతే: రెప్ మీ దగ్గర తన మందుల గురించి చెప్పడం ముగించుకుని, మధ్యాహ్నం గిరాకీ లేని టైం చూసి మీ క్లినిక్ పక్క షాపుకి వెళ్లి "అన్నా, సార్ ఏం రాస్తుండు?" అని అడుగుతాడు. షాపతను గుర్తున్నంత చెప్తాడు, బాగా తెలిసినవాడైతే బిల్లులు కూడా తిప్పనిస్తాడు. డబ్బు చేతులు మారడం నేనైతే చూడలేదు. ఎక్స్‌పైరీ సరుకు వాపసు తొందరగా అవుతుంది, పది స్ట్రిప్పులకు ఒకటి ఫ్రీ అనే ఆఫర్ ముందు ఆ షాపుకే వస్తుంది, అదీ లావాదేవీ. సాయంత్రం అదంతా మీ పేరు కింద కంపెనీ యాప్‌లో ఎక్కుతుంది, నెలాఖరు రివ్యూలో మేనేజర్ దాన్ని తెరిచి పెట్టుకుని రెప్‌ని వాయిస్తాడు. ఆ లెక్కలో సగం ఉజ్జాయింపే. షాపులో రద్దీ ఉంటే రెప్‌ని వదిలించుకోవడానికి నోటికొచ్చిన అంకె చెప్పేవాళ్లు చాలామంది.

అమెరికాలో ఇదే పని పెద్ద ఎత్తున, కంప్యూటర్ల మీద జరుగుతుంది. ఫార్మసీలు రోగి పేరు తీసేసి, డాక్టర్ పేరు ఉంచి చీటీల డేటా అమ్ముతాయి, డేటా కంపెనీలు దాన్ని మథించి మందుల కంపెనీలకు ఇస్తాయి. 2007లో వెర్మాంట్ రాష్ట్రం, డాక్టర్ ఒప్పుకోకపోతే మార్కెటింగ్ కోసం ఆ డేటా అమ్మకూడదు, వాడకూడదు అని చట్టం చేసింది. 2011లో సోరెల్ వర్సెస్ ఐఎంఎస్ హెల్త్ (ఇది అలాంటి ఒక డేటా కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో దాన్ని కొట్టేసింది. మీరు విన్నది ఈ తీర్పే. అయితే డేటా అమ్ముకోవడం కంపెనీల జన్మహక్కు అని కోర్టు అనలేదు. పరిశోధనకి వాడొచ్చు, ఇంకెవరైనా వాడొచ్చు, ఒక్క మందుల కంపెనీ ప్రచారానికి మాత్రం వద్దు అంటే అది ఒకరి నోరు మాత్రమే మూయించడం అవుతుంది అంది. రాష్ట్రం ముందునుంచీ కొద్ది సందర్భాల్లో తప్ప ఎవరికీ ఇవ్వకూడదని గట్టిగా రాసుకుని ఉంటే కథ వేరేగా ఉండేదని జస్టిస్ కెనడీ ఆ తీర్పులోనే సూచించారు. వాట్సాప్‌లో తిరిగే సారాంశాల్లో ఈ ముక్క ఉండదు.

మన దగ్గరా వ్యాపార ప్రకటనకు వాక్ స్వాతంత్ర్యం ఉంది, 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు 19వ అధికరణ కింద ఒప్పుకుంది. కాబట్టి రేపు ఏ కంపెనీ అయినా అదే వాదన ఎత్తుకోవచ్చు. కానీ 2017 పుట్టస్వామి తీర్పుతో గోప్యత కూడా ప్రాథమిక హక్కే, కోర్టు రెండూ తూచాల్సిందే. పైగా 2023 డేటా రక్షణ చట్టం మార్కెటింగ్‌ని మాత్రమే వేలెత్తి చూపించలేదు, గుర్తించగలిగే ఏ మనిషి డేటా అయినా, ఎవరు వాడినా, సమ్మతి లేదా చట్టం చెప్పిన ఇంకో కారణం ఉండాలంది. మీ పేరు, మీరు రాసే బ్రాండ్లు కలిపితే అది మీ వ్యక్తిగత డేటానే అని నా లెక్క. ఇంకో మెలిక, ఆ చట్టం డిజిటల్ డేటాకే వర్తిస్తుంది, కాగితం మీదిదైనా తర్వాత డిజిటల్‌లోకి ఎక్కిస్తే వర్తిస్తుంది. షాపతను రెప్‌తో నోటిమాటగా చెప్పినంతవరకు ఏమీ కాదు, సాయంత్రం అది యాప్‌లోకి ఎక్కిందా, కంపెనీ జవాబు చెప్పుకోవాల్సిందే. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027లో గానీ అసలు పట్టు రాదు.

అప్పటిదాకా రెప్ మీద అరవకండి, వాడు టార్గెట్ టెన్షన్‌లో ఉన్న పిల్లగాడు. మీ క్లినిక్ ఆవరణలో షాపు ఉంటే అద్దె అగ్రిమెంట్‌లోనే ఒక లైను రాయించండి, డాక్టర్ పేరుతో లెక్కలు బయటికి చెప్పకూడదని. షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందుల అమ్మకాలు షాపు విడిగా రాసుకోవాల్సిన పుస్తకం, అదొక్కటి మాత్రం రెప్‌లకు చూపించొద్దని గట్టిగా అడగండి. అందులో మీ పేరుతో పాటు పేషెంట్ పేరు కూడా ఉంటుంది, మూడేళ్లు దాచాలి, అది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ చూడటానికి పెట్టింది, రెప్ తిప్పి చూడటానికి కాదు. మా షాపులో ఏ మందు ఎంత కదిలిందో చెప్తాం, ఎవరు రాశారో చెప్పం. ఒకరిద్దరు రెప్‌లు ముఖం మాడ్చుకున్నారు, స్టాక్ మాత్రం ఎవరూ ఆపలేదు.