శుభలేఖ ఫైల్ ప్రెస్సుకు పంపేముందు: ముందు తెలుగు అక్షరాలు, తర్వాతే మిగతావి

మీరు అడిగినవి రెండు. కోరెల్‌డ్రాలో చేసిన పేజీ ప్రెస్సులో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు కనిపించాయి. ఫొటోషాప్‌లో చేసిన పేజీ ప్రూఫ్‌లో సన్నక్షరాలు అలికినట్టు వచ్చాయి. వీటి కారణాలు వేరు.

మొదటిది ఫాంటు. మీరు వాడిన అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ‘శ్రీరస్తు’ కాస్తా పిచ్చి గుర్తులైపోతుంది. ఎడిట్ మెనూలో సెలెక్ట్ ఆల్, టెక్స్ట్ నొక్కి, కంట్రోల్ క్యూతో అక్షరాలన్నీ కర్వ్స్ (ఫాంటుతో పనిలేని గీతల ఆకారాలు) చేయండి. పవర్‌క్లిప్‌లో, అంటే ఒక ఆకారం లోపల అమర్చిన భాగంలో ఉన్నవి దాని లోపలికి వెళ్లి విడిగా చేసుకోవాలి, ఎక్కువమంది మరిచేది ఇక్కడే. పీడీఎఫ్ తీశాక అక్రోబాట్‌లో కంట్రోల్ డి నొక్కితే ఫాంట్స్ ట్యాబ్ ఖాళీగా ఉండాలి. కర్వ్స్ అయ్యాక ముహూర్తంలో తప్పు కనిపిస్తే టైపు చేసి దిద్దలేరు, అసలు ఫైల్ వేరే పేరుతో దాచుకోండి.

రెండోది నలుపు. ఆర్‌జీబీ (తెర రంగుల పద్ధతి) నలుపును ఫొటోషాప్ అమెరికా స్వాప్ ప్రొఫైల్‌తో (అచ్చు రంగుల అమరిక) సీఎంవైకేకి, అంటే నాలుగు సిరాల అచ్చు పద్ధతికి మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతం అవుతుంది. అంటే ఒక్కో అక్షరం మీద నాలుగు ప్లేట్ల సిరా, మొత్తం 300 శాతం. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అంచున రంగు చార పడుతుంది. మన లిపికి ఈ దెబ్బ మరీ ఎక్కువ: ఒత్తులు ముద్దకడతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. అందుకే ఫొటోషాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే చేసి, అక్షరాలు కోరెల్‌డ్రాలో పెట్టండి. సయాన్, మెజెంటా, పసుపు సున్నా, నలుపు 100, ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీసేయకుండా దాని మీదే అచ్చు వేయడం) ఆన్. తెల్ల అక్షరాలకు మాత్రం ఓవర్‌ప్రింట్ పెట్టారో, అవి అచ్చులో మాయమవుతాయి. మెరూన్ మీద తెల్ల అక్షరాలైతే 9 పాయింట్లకు తగ్గకుండా, బోల్డ్‌లో ఉంచడం నయం.

కొలతలు: 5×7 అంగుళాల కార్డుకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) కలిపి పేజీ 133×184 మి.మీ. ఉండాలి, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) సుమారు 1571×2173 పిక్సెళ్లు. చిన్న ఫొటోను సాగదీసి ఆ అంకె తెప్పిస్తే నాణ్యత రాదు. పేర్లు కటింగ్ గీతకు 5 మి.మీ. లోపలే ఉండాలి.

బంగారు ఫాయిల్ (మెరిసే రేకు అద్దకం) ఉంటే ఆ భాగాన్ని వేరే పేజీలో నలుపు 100తో ఇవ్వండి. అందులో గ్రేడియెంట్, నీడ వద్దు, ఎందుకంటే ఫాయిల్ అంటుకోవడమో అంటుకోకపోవడమో తప్ప మధ్యస్థం ఉండదు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పెట్టండి, లేకపోతే అది పిక్సెళ్లు తగ్గించేస్తుంది.