డీమన్స్ సోల్స్‌పై విమర్శకుల అభిప్రాయం ఎందుకు మారింది?

మొదట్లో అంతంతమాత్రం మార్కులు తెచ్చుకున్న వీడియో గేమ్ డీమన్స్ సోల్స్‌ను తర్వాత అందరూ ఎందుకు మెచ్చుకున్నారన్నది ప్రశ్న. 2009 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 3 కోసం జపాన్‌లో విడుదలైన ఈ ఆటకు అక్కడి ప్రముఖ పత్రిక ఫామిట్సు 40కి 29 మార్కులే ఇచ్చింది. అంతకుముందు ఏడాది టోక్యో గేమ్ షోలో ఆడి చూసినవారు కూడా పెదవి విరిచారు. అమెరికాలో విడుదల చేయడానికి సోనీ ముందుకు రాకపోవడంతో అట్లస్ అనే మరో ప్రచురణ సంస్థ ఆ పనికి పూనుకుంది. ఆ ఏడాది చివర ఆటలను సమీక్షించే వెబ్‌సైట్ గేమ్‌స్పాట్ దీనినే 2009కి మేటి ఆటగా ఎంపిక చేసింది.

కారణం ఆట స్వభావంలోనే ఉందని నా అభిప్రాయం. పాత్ర చనిపోతే, శత్రువులను చంపి కూడబెట్టిన ఆత్మలన్నీ (ఈ ఆటలో డబ్బులా వాడేవి ఇవే) అక్కడే ఒక నెత్తుటి మరకగా పడిపోతాయి. మళ్లీ మొదటి నుంచి నడిచి వెళ్లి ఆ నెత్తుటి మరకను తాకితేనే అవి దక్కుతాయి, దారిలో మరోసారి చనిపోతే పూర్తిగా పోతాయి. కాసేపు ఆడినవారికి ఇది శిక్షలా తోస్తుంది. పది గంటలు ఆడినవారికి మాత్రం, ఆన్‌లైన్‌లో ఆడే మరొకరి మరకను తాకగానే అతని చివరి క్షణాలు ఎర్రటి నీడలా కదలడం, మలుపు దగ్గర ఎవరో నేల మీద హెచ్చరిక రాసిపెట్టడం కనిపించి, ప్రతి చావు వెనకా ఒక పాఠం ఉందని అర్థమవుతుంది. ఆ ఓపిక ఉన్న సమీక్షకులే దీనికి న్యాయం చేశారు.

అయితే మోయగల బరువుకు పరిమితి పెట్టడం, ఇరుకు చోట్ల కెమెరా ఇబ్బంది పెట్టడం వంటి విమర్శలు సబబైనవే.