ఏజెన్సీలో అప్పు కింద పోయిన భూమి తిరిగి వస్తుందా? గని లీజు మాటేమిటి?

వస్తుంది, ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంగా (రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింది గిరిజన ప్రాంతంగా) నోటిఫై అయి ఉంటే. ముందు చూసుకోవాల్సింది అదే. పక్క ఊరు ఉందని మన ఊరూ ఉంటుందనుకోకూడదు.

1/70 (ఏజెన్సీ భూబదిలీ నిబంధనలను 1970లో సవరించిన చట్టం) ప్రకారం అక్కడ గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడా బదిలీ కిందకే వస్తాయి. కాబట్టి షావుకారు అప్పుకింద రాయించుకున్న తెల్లకాగితానికి విలువ లేదు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (గిరిజన సంక్షేమం) దగ్గర అర్జీ పెట్టాలి. సర్వే నంబరు, పాత అడంగల్ లేదా పహాణీ నకలు, కుల ధ్రువీకరణ పత్రం జతచేయండి. కాగితం లేదని చాలామంది వెనక్కి తగ్గుతారు, అనవసరంగా. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట భావిస్తుంది. కాదని రుజువు చేయాల్సింది అవతలివాడే. ఎవరూ అర్జీ పెట్టకపోయినా అధికారి తనంతట తానే కేసు చేపట్టవచ్చు.

బ్యాంకు అప్పు వేరు. ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో సహకార సంఘానికో స్వాధీనం ఇవ్వకుండా తాకట్టు పెట్టవచ్చు. బాకీ తీరకపోతే వేలంలో గిరిజనులకే, లేదా పూర్తిగా గిరిజనులతో ఏర్పడిన సంఘానికే అమ్మాలి.

ఇక గనులు. అరకు దగ్గరి బొర్రా ప్రాంతపు లీజుల మీద గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ఈ చట్టంలోని 'వ్యక్తి' (భూమిని బదిలీ చేసేవారు) అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని తేల్చింది. అంటే ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదు. గిరిజనుల సహకార సంఘానికి ఇవ్వవచ్చు.

బినామీ మాత్రం ఇప్పటికీ పెద్ద తలనొప్పే: పట్టా గిరిజనుడి పేరున, పంట డబ్బు వేరొకరి జేబులో.