డాక్టర్ సలహా: ఉన్నారో లేరో తెలియని మనిషి కోసం అమ్మ ఎదురుచూపు జబ్బేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసే మా నాన్నగారు 2021 ఫిబ్రవరిలో ఒక ఉదయం బ్యాంకు పని మీద బయటికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఆయన వయసు 59. బస్టాండు సీసీ కెమెరాలో కనిపించడమే ఆఖరు. పోలీసులు మిస్సింగ్ కేసు నమోదు చేశారు కానీ నాలుగేళ్లు దాటినా ఆచూకీ తెలియలేదు. అమ్మ రాత్రిళ్లు వీధి తలుపు గడియ వేయనివ్వదు. రోజూ నాన్నగారి కంచంలో అన్నం పెట్టి మూత వేసి ఉంచుతుంది. గుర్తుతెలియని మృతదేహం దొరికిందని ఎక్కడి నుంచి ఫోను వచ్చినా తమ్ముణ్ని వెంటబెట్టుకుని మార్చురీకి వెళ్తుంది. బీపీ మాత్రలు సరిగా వేసుకోదు కానీ నిద్రమాత్రలు మాత్రం రోజూ వేసుకుంటుంది. కర్మ చేయించాలని, అమ్మ బొట్టు తీసేయాలని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. నాన్న లేకుండా పీటల మీద ఎవరు కూర్చుంటారంటూ అమ్మ నా పెళ్లిని రెండుసార్లు వాయిదా వేసింది. అమ్మకు మతి చలించిందా? కర్మ చేయిస్తే కుదుటపడుతుందా? ఆ రోజు ఉదయం నాన్నగారు చేసిన ఫోను నేను ఎత్తలేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి మీ అమ్మగారికి మతి చలించలేదు. రోజూ కంచం పెట్టడం, గడియ వేయనివ్వకపోవడం, బజారులో భర్త నడకను పోలిన నడక కనిపిస్తే వెనకాలే కొంతదూరం వెళ్లడం, గేటు చప్పుడైతే ఆయనే వచ్చారనుకుని లేవడం వంటివి ఇంటి మనిషి ఆచూకీ తెలియని చాలా కుటుంబాలలో కనిపిస్తాయి. భర్త చనిపోయాడనడానికి ఏ రుజువూ చూడని మనిషి ఆయన చనిపోయాడని నమ్మకపోవడం మతిభ్రమణం ఎలా అవుతుంది? లేని మాటలు వినిపిస్తున్నాయని, ఎవరో తనను చంపాలని చూస్తున్నారని ఆమె అంటుంటే అది వేరే సంగతి. అటువంటిదేదీ మీరు రాయలేదు.

ఈ పరిస్థితికి మానసిక వైద్యంలో యాంబిగ్యువస్ లాస్ అనే పేరుంది. తెలుగులో తేలని వియోగం అనవచ్చు. 1970లలో వియత్నాం యుద్ధంలో ఏమయ్యారో తెలియకుండా పోయిన అమెరికా సైనికుల కుటుంబాలను పరిశీలిస్తూ పౌలిన్ బాస్ అనే కుటుంబ చికిత్స నిపుణురాలు ఈ పేరు పెట్టారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్‌లో శవం కూడా దక్కని కార్మికుల కుటుంబాలతోనూ ఆమె పనిచేశారు. ఆమె చెప్పినదాని సారం ఏమిటంటే, ఇక్కడ లోపం ఆ కుటుంబ సభ్యుల మనసులో లేదు, వాళ్లు చిక్కుకున్న పరిస్థితిలో ఉంది. చావు జరిగిన ఇంట్లో శవం ఉంటుంది, ఏడవడానికి ఒక రోజు ఉంటుంది, పదకొండో రోజో పన్నెండో రోజో బంధువులంతా కలిసి తినే భోజనం ఉంటుంది, ఆ మనిషి ఇక లేడని ఊరంతా ఒకే మాటగా ఒప్పుకోవడం ఉంటుంది. మీ ఇంట్లో వీటిలో ఏ ఒక్కటీ జరగలేదు కాబట్టి మీ దుఃఖం మొదలు కావడానికే వీలు చిక్కలేదు.

ఇటీవల వైద్య వర్గీకరణలలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అనే నిర్ధారణ చేరింది. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణ దానికి కనీసం ఆరు నెలల వ్యవధి పెడితే, అమెరికన్ వర్గీకరణ పెద్దవాళ్ల విషయంలో ఏడాది పెట్టింది. అయితే రెండింటిలోనూ మొదటి షరతు ఆ మనిషి మరణించి ఉండటం. అందువల్ల మీ అమ్మగారి బాధ ఆ చట్రంలో సరిగా ఇమడదు. ఒక వైద్యుడు పరీక్షించి అంతా బాగానే ఉందని పంపించినా, మరొకరు డిప్రెషన్ అని రాసినా దానికి ఒక కారణం ఇదే.

మన దగ్గరి సంగతే ఒకటి చెబుతాను. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఎన్నో ఓడలు, విమానాలు గాలించినా అప్పట్లో ఏమీ దొరకలేదు. చివరకు 2024 జనవరిలో చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాలు ఉన్నట్టు గుర్తించారు. అంటే ఆ కుటుంబాలు ఏడున్నరేళ్ల పాటు ఒక్క ఇనుప ముక్క కూడా చూడలేదు. విమానం సముద్రంలో పడితే ఎవరూ బతకరని బుద్ధికి తెలిసినా, కంటికి ఏదీ కనిపించనప్పుడు మనసు ఆ మాటను స్వీకరించదు. ఇక మీ నాన్నగారి విషయంలో ప్రమాదం జరిగిందనడానికి కూడా ఆధారం లేదు, ఆయన బస్టాండులో నడుచుకుంటూ వెళ్తున్న దృశ్యమే ఆఖరుది. అలాంటప్పుడు మీ అమ్మగారిని ఆశ వదులుకోమని అడగడం ఎంతవరకు సబబో బంధువులు ఆలోచించాలి.

కర్మ చేయిస్తే కుదుటపడుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు, ఆమె అడగనంతవరకు చేయించవద్దనే. బలవంతాన జరిపించిన తంతు వల్ల ఆ ఇంటి ఆడమనిషికి తన భర్తను తన చేతులతోనే చంపుకున్నానన్న భావన మిగలడం, ఆ తర్వాత ఆమె పిల్లలతో కూడా మాట్లాడటం మానేయడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మన సంప్రదాయంలోనే ఉంది. అంత గడువు పెట్టిన పెద్దలు నేటి మన బంధువుల కంటే ఓర్పు తెలిసినవారని నాకు అనిపిస్తుంది. బొట్టు, మంగళసూత్రం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె ఒక్కరి నిర్ణయం. కావాలంటే ఆయన పుట్టినరోజున గుడిలో దీపం పెట్టవచ్చు, నలుగురికి అన్నం పెట్టవచ్చు. దానికి తద్దినం అనే పేరు పెట్టకుండా ఉంటే చాలు.

మీరు ఆమెతో మాట్లాడే తీరు కూడా కొంత మార్చుకోవాలి. నాన్న తప్పకుండా వస్తారని గానీ, ఇక రారని గానీ చెప్పవద్దు, రెండూ మీకు తెలియని సంగతులే. ఆయన రావచ్చు, రాకపోవచ్చు, ఈ లోపల మనం అన్నం తినాలి, మందులు వేసుకోవాలి అన్న మాటను మీరు నిజంగా నమ్మి చెబితే ఆమె వింటుంది. ఒకదానితో ఒకటి పొసగని రెండు సంగతులను ఒకేసారి మనసులో ఉంచుకోవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఇటువంటి కుటుంబాలకు కౌన్సెలింగ్‌లో మేము ముఖ్యంగా అలవాటు చేసేది దాన్నే.

ఇక వైద్యం ఆలస్యం చేయకూడనివి రెండు ఉన్నాయి. మొదటిది రక్తపోటు. ఫోను మోగిన ప్రతిసారీ గుండె దడదడలాడుతూ, రాత్రంతా చెవులు వీధి వైపే పెట్టుకుని నాలుగేళ్లు గడిపిన శరీరంలో ఒత్తిడి హార్మోన్లు అదుపు తప్పుతాయి. దానికి తోడు మాత్రలు మానేస్తే పక్షవాతం, గుండెపోటు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇటువంటివారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది, ఆయన వచ్చాక చూపించుకుంటాను అని. ఆయన వచ్చేసరికి మీరు మంచం పడితే ఆయనకు అన్నం ఎవరు పెడతారని అడగండి. కొంచెం కటువుగా ఉన్నా నా ఓపీలో ఈ ప్రశ్న చాలాసార్లు పనిచేసింది.

రెండోది నిద్రమాత్రలు. ఇవి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవలసినవి కావు. పాత చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కుంటూ ఏళ్ల తరబడి వాడితే వాటికి అలవాటు పడతారు, మతిమరుపు వస్తుంది, రాత్రిళ్లు లేచినప్పుడు తూలి పడి ఎముకలు విరగవచ్చు. అలాగని ఈ జవాబు చదివి రేపటి నుంచే ఆపించవద్దు. ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. సైకియాట్రిస్టు పర్యవేక్షణలో కొన్ని వారాల పాటు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి. తలుపు గడియ విషయంలో ఒక ఏర్పాటు చేయండి. బయట కాలింగ్ బెల్ పెట్టించి, గుమ్మం దగ్గర రాత్రంతా చిన్న లైటు వెలిగేటట్టు చూస్తే ఆయన వచ్చినా తెలుస్తుందన్న ధీమా ఆమెకు కలుగుతుంది, గడియ వేసుకుని కాసేపయినా కన్ను మూస్తుంది. ఇవన్నీ చేసినా తిండి మానేసి, రోజులో ఎక్కువ భాగం ఏడుస్తూ, దేనిపైనా ఆసక్తి లేకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులు ఉన్నాయి, వాటి ప్రభావం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చచ్చిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి విన్నా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మార్చురీ ప్రయాణాలను ఆపలేరు, ఆపకూడదు కూడా. కానీ వాటికి ఒక పద్ధతి ఉండాలి. పోలీసుల ఫోను ఇకపై మీ బాబాయికో, నిబ్బరం ఉన్న మరో బంధువుకో వెళ్లేటట్టు స్టేషన్‌లో నంబరు మార్పించండి. ముందు ఆ మృతదేహం ఎత్తు, వయసు, దుస్తులు, పుట్టుమచ్చలు, పంటి వరుస వంటి వివరాలు అడిగి, ఫొటో చూసి, పోలిక ఉందనిపిస్తేనే మీ అమ్మగారికి చెప్పవచ్చు. మీ రక్త నమూనాతో డీఎన్‌ఏ వివరాలు నమోదు చేసి భద్రపరచాలని పోలీసులను రాతపూర్వకంగా కోరండి. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న శవాన్ని కళ్లతో చూసి తేల్చే పని మీ తమ్ముడిది కానే కాదు. నాలుగేళ్లుగా అమ్మకు తోడుగా శవాలను చూస్తూ వచ్చిన ఆ అబ్బాయి ఎలా నిద్రపోతున్నాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అతడిని కూర్చోబెట్టి అడగండి. ఇక అంజనం వేసి చూపిస్తామనేవాళ్లు, ఫలానా ఊళ్లో మీ మనిషిని చూశామంటూ ముందుగా డబ్బు పంపమనేవాళ్లు ఇలాంటి ఇళ్లను వెతుక్కుంటూ వస్తారు. రూపాయి కూడా ఇవ్వకుండా ఆ ఫోను నంబర్లను పోలీసులకు అందించండి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను, నేను న్యాయవాదిని కాను. ఒక మనిషి బతికి ఉంటే సహజంగా ఎవరికి తెలిసేదో వారికి ఏడేళ్ల పాటు ఏ కబురూ అందకపోతే, అతడు బతికి ఉన్నాడని నిరూపించే భారం ఆ మాట అనేవారిపైనే ఉంటుందని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అదే 111వ సెక్షన్. మనిషి ఆచూకీ దొరకలేదని పోలీసులు ఇచ్చే నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్‌ను ఇప్పుడే అడిగి తీసుకుని ఉంచుకోండి. రేపు బీమా కోసమో ఇంటి పత్రాల కోసమో కోర్టుకు వెళ్లవలసి వస్తే, అది ఆస్తి వ్యవహారం నడవడానికి చట్టం చేసుకున్న ఒక ఊహ మాత్రమేనని, ఆయన తిరిగి వస్తే ఆ ఊహ నిలవదని మీ అమ్మగారికి ముందే వివరించండి. లేకపోతే సంతకం పెట్టిన రోజున ఆమె కుప్పకూలిపోతుంది.

మీ పెళ్లిని ఇంకోసారి వాయిదా వేయవద్దు. పీటల మీద బాబాయి పిన్ని కూర్చుని కన్యాదానం చేయడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. శుభలేఖలో మీ నాన్నగారి పేరుకు ముందు ఏ విశేషణమూ లేకుండా, మామూలుగా వేయించండి. కీర్తిశేషులు అన్న మాట పడుతుందన్నదే మీ అమ్మగారి అసలు భయం కావచ్చు, ఒకసారి అడిగి చూడండి.

ఆ ఫోను సంగతి మీరు ఉత్తరం చివర ఒకే ఒక్క వాక్యంలో, ఏ ప్రశ్నా లేకుండా రాశారు. నాలుగేళ్లుగా దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదని నాకు అర్థమైంది. ఎత్తి ఉంటే ఆయన ఏమి చెప్పేవారో ఎవరికీ తెలియదు. బ్యాంకు పాస్‌బుక్ ఎక్కడ పెట్టావని అడగడానికి కూడా చేసి ఉండవచ్చు. నేరమంతా మీ మీద వేసుకుంటే కనీసం ఒక కారణమైనా దొరికినట్టుంటుంది, ఏ కారణమూ తెలియకపోవడం కంటే అదే నయమని మనసు దాన్ని పట్టుకుని వదలదు. ఇది విడమరచి మాట్లాడుకోవలసిన విషయం, పత్రికలో రాసే జవాబుతో తీరేది కాదు. మీ అమ్మగారికి సైకియాట్రిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మీ పేరున కూడా ఒకటి తీసుకోండి, ఆమె గదిలో లేనప్పుడు ఈ ఫోను సంగతే మొదట చెప్పండి.