ప్రతిక్షేపణ పద్ధతిలో చేస్తే చివరికి 40 = 40 అని వస్తోంది, ఎక్కడ తప్పుతున్నాను?

మీరు ఇచ్చిన లెక్క ఇదీ: రెండు టీలు, ఒక సమోసా కలిపి 40 రూపాయలు, మూడు టీల ధర రెండు సమోసాల ధర కంటే 4 రూపాయలు ఎక్కువ, ఒక్కోటి ఎంత? మొదటి సమీకరణం నుంచి సమోసా ధర తీసి మళ్ళీ అందులోనే పెట్టారు, అక్కడే వచ్చింది తంటా. టెన్త్‌లో నేనూ ఇదే చేసి, 40 = 40 లాంటిదేదో రాగానే "కావున నిరూపించబడినది" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాను, మా లెక్కల సార్ ఆ పేపర్ని క్లాసంతటికీ చూపించారు.

ఎక్స్, వై వద్దు, టీ ధరని ట, సమోసా ధరని స అనుకుందాం.

2ట + స = 40
3ట − 2స = 4

మొదటిదాంట్లో స ముందు ఏ అంకె లేదు కాబట్టి దాన్నే పట్టుకోవాలి, భిన్నాల గొడవ ఉండదు: స = 40 − 2ట. ఇది మొదటి సమీకరణం చెప్పిన మాటే కదా, తిరిగి దానికే చెబితే "అవును, 40 అంటే 40" అని ఊరుకుంటుంది. రెండోదాంట్లో పెట్టండి, బ్రాకెట్‌తో సహా:

3ట − 2(40 − 2ట) = 4

ఈ బ్రాకెట్ దగ్గర నాకు పోయిన మార్కులు అన్నీ ఇన్నీ కావు. మైనస్ 2 లోపలికెళ్ళి మైనస్ 2టని గుణిస్తే ప్లస్ 4ట. అక్కడ మైనస్ రాశారా, టీ ధర మైనస్ 84 వస్తుంది, అంటే టీ తాగినందుకు కొట్టతనే మీకు 84 ఎదురివ్వాలి! సరిగ్గా చేస్తే 7ట = 84, టీ 12, సమోసా 16. రెండోదాంట్లో వేసి చూసుకోండి, 36 − 32 = 4, సరిపోయింది.

అలాగని 40 = 40 లాంటిది వచ్చిన ప్రతిసారీ తప్పు చేసినట్టు కాదు. రెండో సమాచారం "నాలుగు టీలు, రెండు సమోసాలు 80" అని ఇస్తే అది పాత బిల్లుకే రెట్టింపు, సరిగ్గా చేసినా 80 = 80 వస్తుంది, సాధనలు అనంతం. అదే 70 అని ఇస్తే 80 = 70 వస్తుంది, సాధనే లేదు, గ్రాఫ్ గీస్తే రెండూ సమాంతర రేఖలు.

3ట + 4స, 5ట − 7స లాంటివి వస్తే మాత్రం నేను ప్రతిక్షేపణ జోలికి పోను, తొలగింపు పద్ధతే (రెండు సమీకరణాల్నీ తగిన అంకెలతో గుణించి, కూడో తీసేసో ఒక అక్షరాన్ని ఎగరగొట్టడం) హాయి. పరీక్షలో ప్రతిక్షేపణతోనే చేయమంటే ఇక తప్పదు, భిన్నాలతో కుస్తీ పట్టాల్సిందే.