మీ మేనల్లుణ్ని ఇవాళే సూటిగా అడగండి

అక్కా, డాలస్‌లో మీ మేనల్లుడు అమెరికా ఆర్మీ నుంచి వచ్చాక నిద్రపోవడం లేదని, ‘నేను లేకపోతే మీకే హాయి’ అన్నాడని, పిస్టల్ మంచం పక్కనే పెట్టుకుంటున్నాడని రాశారు. ఉద్యోగం టెన్షన్ అని వదిలేయకండి. అక్కడి మాజీ సైనికుల్లో ఆత్మహత్యల రేటు 18–34 ఏళ్ల వాళ్లలోనే ఎక్కువ. ‘చనిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

అన్నిటికన్నా ముందు ఆ పిస్టల్ సంగతి చూడండి. అతన్ని ఒప్పించి కొన్నాళ్లు దాన్ని ఇంట్లో లేకుండా చేయండి. చనిపోవాలన్న ఉధృతి చాలాసార్లు కాసేపే ఉంటుంది. అప్పుడు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల క్రైసిస్ లైన్. మీరు కూడా చేయొచ్చు. ఖర్చుకు జంకకండి, 2023 జనవరి నుంచి ఆత్మహత్య ప్రమాదంలో ఉన్న మాజీ సైనికుల్లో అర్హులకు అత్యవసర చికిత్స ఉచితం, వీఏలో (మాజీ సైనికుల బాగోగులు చూసే అమెరికా ప్రభుత్వ శాఖలో) పేరు నమోదు కాకపోయినా సరే. ఇప్పుడే ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా 911కి చేయండి.