చెత్త ఎరువుల రంగంలోకి వెళ్లాలంటే ఏ డిగ్రీ?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. పట్టణ చెత్తను, ఫ్యాక్టరీ వ్యర్థాలను పొలాలకు పనికొచ్చేలా చేసే రంగంలో స్థిరపడాలని ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీ మేలా, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మేలా?

జవాబు: అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీలో సాయిల్ సైన్స్ తీసుకోండి. చెత్తను కుళ్లబెట్టి కంపోస్టు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. దాన్ని ఏ నేలకు ఎంత వెయ్యొచ్చో, ఎక్కడ వెయ్యకూడదో లెక్కగట్టి చెప్పేవాళ్లే తక్కువ.

ఆ లెక్క ఇలా ఉంటుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో (పట్టణ చెత్తతో చేసిన ఎరువులో) విష లోహాలైన కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. కాడ్మియం సరిగ్గా ఆ హద్దులో ఉన్న కంపోస్టును ఎకరాకు 4 టన్నులు వేస్తే పొలంలో చేరేది 20 గ్రాములు. పైపొర 15 సెంటీమీటర్ల మట్టి ఎకరాకు దాదాపు 900 టన్నులు. అంటే కిలో మట్టికి పెరిగేది 0.022 మిల్లీగ్రాములు. ఒక్క ఏడాదికి భయం లేదు. కానీ లోహం కుళ్లిపోదు కదా, ఏటా వేస్తే ఏటా పేరుకుంటుంది. ఆమ్ల నేలల్లో ఆకుకూరలు దాన్ని ఇంకా తేలిగ్గా పీల్చుకుంటాయి.

రైతుకు వెంటనే తగిలే దెబ్బ మాత్రం పచ్చి (సరిగ్గా మాగని) కంపోస్టుతోనే. కర్బన-నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి. 30 దాటిన సరుకు వేస్తే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు పసుపుబారుతుంది. మాగిందో లేదో చూడడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఒక వంతు కంపోస్టును పది వంతుల నీళ్లలో కలిపి వడగట్టండి. ఆ నీటితో తడిపిన ఫిల్టర్ కాగితం మీద ముల్లంగి గింజలు వేయండి, పక్కన మామూలు నీళ్లతో మరో పళ్లెం పెట్టండి. మొలక శాతం, వేరు పొడవు రెండూ కలిపి చూస్తే మామూలు నీళ్లతో పోలిస్తే 80 శాతానికి తగ్గకూడదు.

ల్యాబుకు పంపే నమూనా తీయడంలోనే చాలా రిపోర్టులు పాడవుతాయి. కుప్ప పైపొర ఎండి ఉంటుంది, లోపల తడిగా, సగం మాగి ఉంటుంది. పలుచోట్ల, పలు లోతుల్లో తీసి కలపాలి. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేయాలి. కిలో మిగిలేదాకా ఇదే పని.

థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద సంగతి వేరు. అందులో నత్రజని ఉండదు. బోరాన్ మించితే చిక్కుడు జాతి పైర్ల ఆకుల అంచులు మాడతాయి.

ఇక దారి. ఈఏపీసెట్‌లో బైపీసీ ర్యాంకుతో రాష్ట్ర వ్యవసాయ వర్సిటీల్లో సీటు వస్తుంది. రైతుల పిల్లలకు కోటా ఉంది, పట్టాదారు పాసుపుస్తకం సిద్ధం చేసుకోండి. ఎమ్మెస్సీకి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష రాయాలి. ల్యాబుల్లో, ఎరువుల కంపెనీల్లో తొలి జీతాలు అంతంతమాత్రమే. వ్యవసాయాధికారి పోస్టుకూ ఇదే డిగ్రీ చెల్లుతుంది కాబట్టి చేతిలో మరో దారి ఉంటుంది. సీటు రాకపోతే కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలో చేరండి. విశ్లేషణ ల్యాబుల్లోకి వెళ్లొచ్చు గానీ, ఆ అధికారి పోస్టు మాత్రం అందదు.